వంటింట్లో చెత్త, గ్యాస్, నీళ్లు తగ్గించాలంటే ముందు ఏది మార్చుకోవాలి?

కొత్తకాపురం (బాచుపల్లి, హైదరాబాద్)

అందరికీ నమస్కారం. మేం ఈమధ్యే సొంత ఫ్లాట్‌లోకి మారాం. ఇద్దరమే ఉంటాం, ఇద్దరికీ ఉద్యోగాలే. వంటిల్లు ఇంకా పూర్తిగా సర్దలేదు. ఎలాగూ కొత్తగా మొదలుపెడుతున్నాం కదా, పర్యావరణానికి తక్కువ హాని చేసే అలవాట్లు ఇప్పుడే పెట్టుకుందామని మా ఆయనా నేనూ అనుకున్నాం.

నెట్‌లో వెతికితే మాత్రం ప్రతి చోటా ఏదో ఒకటి కొనమంటున్నారు. గాజు సీసాలు, వెదురు బ్రష్షులు, తేనెమైనం పూసిన గుడ్డలు, ఆటోమేటిక్ కంపోస్ట్ మెషీన్. అన్నీ లెక్కేస్తే ఒక నెల ఈఎంఐ అంత అవుతోంది. నిజంగా తేడా తెచ్చేవి ఏవి? మీ ఇళ్లలో ఏం చేస్తున్నారో చెప్పండి, ప్లీజ్.

కంపోస్ట్ మాస్టారు (గుంటూరు)

అమ్మాయ్, ముందు ఏమీ కొనకు. ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు పారేసి గాజువి తెచ్చుకుంటే, ఆ డబ్బాలు ఇవాళే చెత్తలోకి వెళ్తాయి, గాజు తయారీకి అయ్యే కొలిమి ఖర్చు అదనం. ఉన్నవాటిలో పప్పులు, ఉప్పులు పోసుకో. వేడి పదార్థాలు మాత్రం వాటిలో పెట్టకు. పగిలినప్పుడు స్టీలు డబ్బా కొనుక్కోవచ్చు.

ఒక వారం మీ చెత్తబుట్టలో ఏం పడుతోందో గమనించు. మన పట్టణాల చెత్తలో దాదాపు సగం తడి చెత్తే. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, టీ పొడి, పండ్ల చెక్కులు. ఇవన్నీ ప్లాస్టిక్ కవర్లో మూట కట్టి ఇస్తే డంప్ యార్డులో గాలి ఆడని చోట కుళ్లి మీథేన్ అవుతుంది. నూరేళ్ల లెక్కన చూస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువగా వేడిని పట్టి ఉంచుతుంది. అదే తొక్క గాలి తగిలేలా కుళ్లితే ఎరువు అవుతుంది. అందుకే నన్నడిగితే మొదటి పని తడి, పొడి వేరు చేయడం. రెండోది తడి చెత్తే తక్కువ వచ్చేలా వండుకోవడం. మిగతావన్నీ ఆ తర్వాతే.

అమలాపురం పిన్ని

మాస్టారు చెప్పిన రెండో మాట గురించి నేను రాస్తాను, అది నా విషయం.

ఇద్దరున్న ఇంట్లో నలుగురికి వండటం మన దగ్గర చాలా మామూలు. ఎవరైనా వస్తే చాలదేమో అనే భయం. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన ఆహార వృథా నివేదిక ప్రకారం మన దేశంలో ఇళ్లలోనే మనిషికి ఏడాదికి 55 కిలోల తిండి వృథా అవుతోంది. ఆ అన్నం పండటానికి పట్టిన నీళ్లు, ఎరువు, కరెంటు, మన ఇంటి గ్యాస్ అన్నీ దానితో పాటే పోయినట్టు. పైగా నీళ్లు నిలబెట్టిన వరి మళ్లలో కూడా మీథేన్ పుడుతుంది. కాబట్టి పారేసిన అన్నం పొలంలో ఒకసారి, డంప్ యార్డులో ఒకసారి గాలిని పాడుచేస్తుంది.

బియ్యం కొలవడానికి ఒక గ్లాసు పెట్టుకోండి. ఎప్పుడూ ఆ గ్లాసుతోనే కొలవండి. ఏ పూటకు ఎంత సరిపోతుందో కొద్ది రోజుల్లో చేతికే తెలిసిపోతుంది. మిగిలితే పులిహోర, పెరుగన్నం. ఎండాకాలమైతే మిగిలిన అన్నంలో ఉప్పు, జీలకర్ర, పచ్చిమిర్చి కలిపి వడియాలు పెట్టేయడమే.

ఇక తొక్కల సంగతి. బీరకాయ చెక్కు పారేసే వాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. బీరపొట్టు కాస్త నూనెలో వేయించి, పచ్చిమిర్చి, చింతపండు, కొత్తిమీర వేసి రోట్లో కచ్చాపచ్చాగా నూరితే కూర కంటే ఆ పచ్చడే ముందు అయిపోతుంది. లేత ఆనపకాయ చెక్కు, అరటికాయ తొక్క కూడా ఇలాగే చేయొచ్చు. అరటికాయ తొక్కను ముందు ఉడకబెట్టాలి. పుచ్చకాయ ఎర్రటి గుజ్జు తిన్నాక మిగిలే తెల్లటి భాగం పప్పులో వేస్తే దోసకాయ పప్పులాగే ఉంటుంది. ముల్లంగి ఆకు, కాలీఫ్లవర్ లేత కాడలు, పనసగింజలు వేటినీ వదలక్కర్లేదు. ఒక్క జాగ్రత్త, చెక్కు వాడేటప్పుడు కాయను ఉప్పునీళ్లలో నానబెట్టి బాగా రుద్ది కడగండి. మందు కొట్టిన కాయ అయితే మందు ఎక్కువగా పైనే ఉంటుంది.

నిజాంపేట్ కిరణ్

పిన్నిగారూ, రాత్రి మిగిలిన అన్నం బయట ఉంచి పొద్దున తింటే మంచిదేనా? ఫుడ్ పాయిజన్ అవుతుందని మా డాక్టరు ఫ్రెండ్ అంటాడు. మా నాన్న మాత్రం చిన్నప్పటి నుంచి చద్దన్నమే తిన్నామంటారు.

అమలాపురం పిన్ని

ఇద్దరూ నిజమే చెప్పారు బాబూ. ఊరికే గిన్నెలో పొడిగా వదిలేసిన అన్నం వేరు, రాత్రి నీళ్లు పోసి, కొంచెం మజ్జిగ కలిపి పులియబెట్టిన అన్నం వేరు. రెండోదానిలో పులుపు వస్తుంది, ఆ పులుపు చెడ్డ క్రిములను పెరగనివ్వదు. మొదటిదానితో ప్రమాదం ఉంది. వండినా చావని కొన్ని క్రిములు అన్నంలో ఉంటాయి. గంటల తరబడి గోరువెచ్చగా వదిలేస్తే అవి విషం తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అందుకే మిగిలిన అన్నం వెడల్పాటి పళ్లెంలో ఆరబెట్టి గంటా గంటన్నరలో ఫ్రిజ్‌లో పెట్టేయండి. చద్దన్నం చేసుకోవాలంటే పోసే నీళ్లు శుభ్రంగా ఉండాలి, పొద్దున్నే తినేయాలి. మే నెల ఎండల్లో, పసిపిల్లలకు, ఒంట్లో బాగోలేని వాళ్లకు వద్దు.

మెదక్ ఆడబిడ్డ

మా దిక్కు ఇంకో అలవాటు ఉండేది. బియ్యం కడుగు, గంజి, కూరగాయల తొక్కలు, తవుడు అన్నీ కుడితి తొట్టిలో పడేవి. బర్రెలు తాగేవి. ఇంట్లో చెత్త అనేదే కనిపించేది కాదు. ఇప్పుడు ఫ్లాట్‌లో బర్రెను తెచ్చుకోలేం కానీ బియ్యం కడిగిన నీళ్లు సింకులో పోయనక్కర్లేదు. మొదటి కడుగు కరివేపాకు కుండీకి, రెండో కడుగు పులుసులోకి. తోటకూర కడిగిన నీళ్లు కూడా అంతే.

కొత్తకాపురం గారూ, వారానికి రెండు మూడు పూటలు కొర్రలో, సామలో, జొన్న రొట్టెలో తినే అలవాటు చేసుకోండి. వరికి పట్టేంత నీళ్లు వీటికి అక్కర్లేదు. మా జహీరాబాద్ వైపు వానాధారంగానే పండుతాయి. పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు ఏళ్ల తరబడి విత్తనం దాచి, ఒకే చెలకలో రకరకాల పంటలు వేసి నిలబెట్టారు. 2023 చిరుధాన్యాల సంవత్సరం అని ప్రపంచమంతా అనకముందు నుంచే వాళ్లు ఆ పని చేస్తున్నారు. కొర్రలు కనీసం ఐదారు గంటలు నానబెట్టాలి. అలా నానితే ఉడకడానికి గ్యాస్ తక్కువ పడుతుంది, కడుపుకూ తేలిక.

సౌర రవి (తిరుపతి)

గ్యాస్ మాట వచ్చింది కాబట్టి. పెట్రోలియం పొదుపు కోసం 1978 నుంచి పనిచేస్తున్న పీసీఆర్ఏ అనే సంస్థ చెప్పే సలహాలు పాతవే కానీ చాలా పనికొస్తాయి. పప్పు, శనగలు ముందే నానబెట్టడం. గిన్నె మీద మూత పెట్టడం. పొంగు రాగానే మంట తగ్గించడం. మరుగుతున్న నీళ్లకు మంట పెంచినా ఇంకా వేడెక్కవు, ఊరికే ఆవిరవుతాయి, అంతే. చిన్న గిన్నెకు చిన్న బర్నర్ వాడాలి, గిన్నె అంచు దాటి మంట బయటకు రాకూడదు. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు వెంటనే పొయ్యి మీద పెట్టకుండా కాసేపు బయట ఉంచాలి. మంట నీలంగా కాకుండా పసుపుగా వస్తుంటే బర్నర్ రంధ్రాలు మూసుకుపోయాయని అర్థం, పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేయండి.

కుక్కర్‌లో ఒకే మంట మీద కింద పప్పు, పైన అన్నం, ఆ పైన బంగాళదుంపలు పెట్టేస్తే మూడు పనులు అయిపోతాయి. విజిల్ వచ్చాక సిమ్‌లో పెట్టి, తర్వాత ఆపేసి మూత తీయకుండా వదిలేస్తే లోపలి వేడికే మిగతాది ఉడికిపోతుంది.

నిజాంపేట్ కిరణ్

అసలు గ్యాస్ మానేసి ఇండక్షన్‌కి మారిపోతే సరిపోతుంది కదా? మన దేశం వాడే ఎల్పీజీలో సగానికి పైగా బయటి నుంచి దిగుమతి చేసుకున్నదే. ఇంట్లో పొగ లేదు, వేడి లేదు.

సౌర రవి (తిరుపతి)

కిరణ్ గారూ, నేనూ ఇండక్షన్ వాడతాను, ఇష్టం కూడా. కానీ లెక్క చూద్దాం, ఎందుకంటే ఈ విషయంలో అందరూ తొందరపడుతున్నారు.

ఒక సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్. కిలో గ్యాస్ మండితే సుమారు 3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే సిలిండర్‌కి 42 కిలోలు. ఆ గ్యాస్‌లో ఉన్న వేడిని కరెంటు యూనిట్లలో చెప్పాలంటే 180 దాకా. మంచి స్టవ్ అందులో మూడింట రెండొంతులే గిన్నెకు చేరుస్తుంది, మిగతాది వంటింటి గాలిలోకి పోతుంది. కాబట్టి గిన్నెకు చేరేది 120 యూనిట్లు అనుకోండి. ఇండక్షన్ పొయ్యి నూటికి 85 వంతులు గిన్నెకు చేరుస్తుంది. అదే వంటకు 140 యూనిట్ల కరెంటు కావాలి. మన దేశంలో కరెంటులో ఎక్కువ భాగం ఇప్పటికీ బొగ్గుదే, యూనిట్‌కు సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్కన 98 కిలోలు. సిలిండర్ కంటే రెట్టింపు పైనే.

గ్యాస్ వెలికితీతకు, శుద్ధికి, ఓడల్లో తేవడానికి అయ్యేది ఇందులో కలపలేదు. కలిపినా ఇవాళ్టికి గ్రిడ్ కరెంటుదే ఎక్కువ. ఇంటి మీద సోలార్ ఉంటే మాత్రం కథ పూర్తిగా మారిపోతుంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్ల దాకా వస్తాయి. మధ్యాహ్నం ఎండ ఉన్నప్పుడు పప్పు ఉడకబెట్టడం, పాలు కాచడం, నీళ్లు మరగబెట్టడం ఇండక్షన్ మీద చేస్తే అది నిజంగా శుభ్రమైన వంట. రాత్రి తొమ్మిదింటికి చేసే చపాతీలకు గ్యాసే మేలు.

నిజాంపేట్ కిరణ్

లెక్క బాగుంది, ఒప్పుకుంటాను. కానీ ఒక మాట. గ్రిడ్‌లో సోలార్, గాలిమరలు ఏటేటా పెరుగుతున్నాయి. ఇవాళ కొన్న పొయ్యి ఏడెనిమిదేళ్లు ఉంటుంది. గ్రిడ్ శుభ్రపడే కొద్దీ ఇండక్షన్ మెరుగవుతుంది, గ్యాస్ స్టవ్ మాత్రం ఎప్పటికీ అంతే. గ్యాస్ మంట వల్ల మూసి ఉన్న వంటింట్లో నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది. మా పాపకు ఉబ్బసం ఉంది, మాకు అదే పెద్ద కారణం.

సౌర రవి (తిరుపతి)

పాపకు ఉబ్బసం ఉంటే మీరు చేసిందే సరైనది, అందులో సందేహం లేదు. గ్యాస్ వాడే వాళ్లు కూడా చిమ్నీయో ఎగ్జాస్ట్ ఫ్యానో వేసి, కిటికీ తీసి వండాలి.

అమలాపురం పిన్ని

నాకు ఈ లెక్కలు అర్థమయ్యాయి కానీ ఒకటి చెప్పనివ్వండి. గ్యాస్‌ను మరీ దోషిని చేయకండి. కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టం ఊది ఊది కళ్లు పోగొట్టుకున్న మా అమ్మ తరం ఆడవాళ్లను నేను చూశాను. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం వచ్చాక మా వీధిలో ఎన్నో ఇళ్లకు మొదటిసారి గ్యాస్ పొయ్యి వచ్చింది. పర్యావరణం అంటూ ఎవరైనా మళ్లీ కట్టెల పొయ్యే గొప్పది అంటే నేను ఒప్పుకోను.

మెదక్ ఆడబిడ్డ

పిన్ని మాటకు నూటికి నూరు మార్కులు.

కొత్తకాపురం (బాచుపల్లి, హైదరాబాద్)

ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు, అందరికీ చాలా థ్యాంక్స్. మాది అపార్ట్‌మెంట్, టెర్రస్ మా ఒక్కరిది కాదు కాబట్టి సోలార్ ఇప్పుడే కుదరదు. గ్యాస్‌తోనే ఉంటాం, కుక్కర్ పద్ధతి మొదలుపెట్టేశాం.

కంపోస్ట్ మాస్టారూ, మాకు చిన్న బాల్కనీ ఉంది. వాసన వస్తుందని, పురుగులు వస్తాయని మా అత్తగారికి టెన్షన్. నిజంగా ఫ్లాట్‌లో చేయొచ్చా?

కంపోస్ట్ మాస్టారు (గుంటూరు)

చేయొచ్చు. జాగ్రత్తగా చదువు, ఇది కొంచెం పెద్దదే రాస్తున్నాను, ఎందుకంటే చాలామంది మధ్యలో మానేసేది తెలియని చిన్న చిన్న సంగతుల వల్లే.

పాత 20 లీటర్ల పెయింట్ బకెట్లు రెండు తెచ్చుకో. అపార్ట్‌మెంట్‌లో ఎవరో ఒకరు గోడలకు రంగు వేయిస్తూనే ఉంటారు, అడిగితే ఇస్తారు. పక్కల చుట్టూ, అడుగున వేడి చేసిన మేకుతో రంధ్రాలు పెట్టు. కింద ఒక పళ్లెం. అడుగున నాలుగు వేళ్ల మందం ఎండుటాకులో, కొబ్బరి పొట్టో పరుచు. ఆ రోజు తడి చెత్త చిన్న ముక్కలుగా వేసి, దాని మీద తడి చెత్త ఎంత ఉందో అంతకంటే కొంచెం ఎక్కువే ఎండుటాకులు కప్పు. మొదటిసారి గుప్పెడు పాత ఎరువు గానీ, పశువుల పేడ గానీ, అదీ దొరక్కపోతే పుల్లటి మజ్జిగ గానీ చల్లు. కుళ్లబెట్టే సూక్ష్మజీవులు అందులోంచి వస్తాయి. వారానికి రెండుసార్లు కర్రతో కలియతిప్పాలి. ఒకటి నిండాక పక్కన పెట్టి రెండోది మొదలుపెట్టు. రెండోది నిండేసరికి, అంటే సుమారు రెండు నెలలకు, మొదటిదానిలో నల్లటి ఎరువు తయారవుతుంది. వాన తడిసిన మట్టి వాసన వస్తే అయినట్టే.

మీ అత్తగారి భయం గురించి. వాసన వస్తోందంటే తడి ఎక్కువైంది, గాలి ఆడటం లేదు. ఇంకా ఎండుటాకులు వేసి కలిపితే ఒకట్రెండు రోజుల్లో పోతుంది. చీమలు వస్తే మరీ పొడిగా ఉందని అర్థం, కాసిని నీళ్లు చల్లాలి. బూడిద రంగులో లావుపాటి పురుగులు కనిపిస్తే భయపడొద్దు, అవి బ్లాక్ సోల్జర్ ఈగ లార్వాలు. కుట్టవు, రోగాలు తేవు, చెత్తను వేగంగా తినేస్తాయి. కింద పళ్లెంలో చేరే నల్లటి ఊటకు పదింతలు నీళ్లు కలిపి మొక్కలకు పోయాలి.

మాంసం, ఎముకలు, చేప ముల్లు, నూనె ఎక్కువ ఉన్న కూరలు వేయకు. నిమ్మ, బత్తాయి తొక్కలు ఎక్కువైతే నెమ్మదిస్తుంది. గుడ్డు పెంకులు నలిపి వేయొచ్చు. మామిడి టెంక, కొబ్బరి చిప్ప నెలల తరబడి అలాగే ఉంటాయి.

ఎండుటాకులు ఎక్కడివి అంటావేమో. మీ అపార్ట్‌మెంట్ తోటమాలి రోజూ ఊడ్చి కుప్పేసి కాలుస్తుంటాడు. కాల్చొద్దని చెప్పి ఒక గోనెసంచి ఇవ్వు.

వాణి (శాన్‌హోజే, కాలిఫోర్నియా)

మాస్టారూ, ఇక్కడ మాకు 2022 జనవరి నుంచి రాష్ట్ర చట్టం ప్రకారం తడి చెత్త విడిగా సేకరించాల్సిందే. మొదట్లో మన తెలుగు ఇళ్లలో చాలామందికి సింకు కింద గ్రైండర్‌లో అన్నీ వేసేసే అలవాటే. కరివేపాకు కాడలు, చింతపండు పిప్పి, ములక్కాడ పీచు పడి పైపులు మూసుకుపోయేవి. ఇప్పుడు వంటగట్టు మీద చిన్న స్టీలు డబ్బా, దానిలో న్యూస్‌పేపర్ మడిచి వేస్తాను. వేసవిలో పురుగులు రాకుండా చేప, చికెన్ వ్యర్థాలు బండి వచ్చే రోజు దాకా ఫ్రీజర్‌లో ఉంచుతాను. ఈ చిట్కా అక్కడ కూడా పనికొస్తుందనుకుంటా.

సీతమ్మధార లక్ష్మి (విశాఖపట్నం)

వాణిగారి ఫ్రీజర్ చిట్కా మా ఇంట్లో కూడా ఉంది, మేం చేపలు ఎక్కువ తింటాం.

నేను ప్లాస్టిక్ గురించి రాస్తాను. పాల ప్యాకెట్ కత్తిరించేటప్పుడు మూల ముక్కను పూర్తిగా తెంపకండి, కాస్త అంటిపెట్టుకుని ఉండేలా కత్తిరించండి. ఆ చిన్న ముక్కలు ఎవరూ ఏరలేరు, కాలవల్లోంచి మా సముద్రంలోకే వస్తాయి. ప్యాకెట్‌ను కడిగి ఆరబెట్టి కట్టగా ఇస్తే పాత సామాన్ల అతను తీసుకుంటాడు. పాల కవరు ప్లాస్టిక్ రీసైకిల్ అయ్యే రకమే. చిప్స్, బిస్కెట్ల లోపలి వైపు వెండిలా మెరిసే కవర్లు మాత్రం పొరలు పొరలుగా అతికించినవి, వాటిని ఎవరూ కొనరు. వాటిని తగ్గించాలంటే కొనడం తగ్గించడమే దారి.

2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ స్పూన్లు, గ్లాసులు, పళ్లేలు, స్ట్రాలు దేశమంతా నిషేధం. అదే ఏడాది చివరి నుంచి 120 మైక్రాన్ల కంటే పలచటి క్యారీ బ్యాగులు అమ్మకూడదు. అయినా చేపల మార్కెట్‌లో నల్ల కవర్లు కనిపిస్తూనే ఉంటాయి. నేను స్టీలు క్యాన్ తీసుకెళ్తాను. మొదట్లో అమ్మే ఆవిడ వింతగా చూసింది, ఇప్పుడు తనే మిగతావాళ్లకు చెబుతోంది. ఇడ్లీ పిండికి గిన్నె, గానుగ నూనెకు స్టీలు క్యాన్, రైతుబజారుకు రెండు గుడ్డ సంచులు. 1999లో రైతుబజార్లు మొదలైనప్పుడు అందరి చేతుల్లో సంచులే ఉండేవి, మళ్లీ ఆ అలవాటు రావాలి.

కొత్తకాపురం (బాచుపల్లి, హైదరాబాద్)

లక్ష్మిగారూ, వచ్చే నెల ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకుంటున్నాం. అరవై మంది దాకా వస్తారు. పేపర్ ప్లేట్లు వాడితే సరిపోతుందా?

సీతమ్మధార లక్ష్మి (విశాఖపట్నం)

పేపర్ ప్లేట్, పేపర్ కప్పు అని పేరే కానీ వాటి లోపల పలచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అందుకే సాంబారు కారదు. ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు 2020లో చూస్తే, వేడి ద్రవం పావుగంట ఉంచిన ఒక్క పేపర్ కప్పులోంచి 25 వేల దాకా మైక్రోప్లాస్టిక్ రేణువులు వచ్చాయి. ఆ పొర వల్ల అవి ఎరువూ కావు, రీసైకిలూ కావు.

అడ్డాకు విస్తర్లు తెప్పించుకోండి. పాడేరు, అరకు వైపు గిరిజన ఆడవాళ్లు అడవిలో ఆకు ఏరి, పుల్లలతో కుట్టి అమ్ముతారు. మనం కొనే ప్రతి కట్టా వాళ్లకు పూట గడిచే డబ్బు. తిన్నాక మట్టిలో కలిసిపోతుంది.

మెదక్ ఆడబిడ్డ

మా వైపైతే మోదుగాకు ఇస్తార్లు. ఇంకో మంచి పద్ధతి కూడా ఉంది. సిద్దిపేట జిల్లాలో ఊళ్లల్లో స్టీల్ బ్యాంకులు పెట్టారు. పళ్లేలు, గ్లాసులు, గిన్నెలు మహిళా సంఘాల దగ్గర ఉంటాయి, ఫంక్షన్‌కు తక్కువ కిరాయికి ఇస్తారు. సంఘానికి ఆదాయం, ఊరికి చెత్త తక్కువ. అరవై మందే కదా, మీ అపార్ట్‌మెంట్‌లో నాలుగిళ్ల స్టీలు గ్లాసులు అడిగి తెచ్చుకుంటే పేపర్ కప్పులు అక్కర్లేదు. నీళ్లకు చిన్న ప్లాస్టిక్ సీసాలు పెట్టకండి, ఒక డ్రమ్ము, ఒక గరిట గ్లాసు పెడితే చాలు.

నిజాంపేట్ కిరణ్

నీళ్ల మాట వచ్చింది. మా ఇంట్లో ఆర్‌ఓ వాటర్ ఫిల్టర్ ఉంది. ఒక లీటరు మంచినీళ్లకు మూడు లీటర్లు పైపులోంచి బయటకు పోతాయని తెలిసి బాధేసింది. తీసేయాలా?

సౌర రవి (తిరుపతి)

ముందు నీళ్లలో టీడీఎస్, అంటే కరిగి ఉన్న లవణాలు, ఎంతుందో చూడండి, చిన్న మీటర్ రెండు మూడు వందలకు దొరుకుతుంది. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉన్న చోట ఆర్‌ఓ అవసరం లేదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. నగరంలో కుళాయికి వచ్చే కృష్ణా, గోదావరి నీళ్లయితే కాచి చల్లార్చుకోవడమో, యూవీ ఫిల్టరో సరిపోవచ్చు. మీ కుళాయి నీళ్లు ఒకసారి పరీక్ష చేయించుకుని నిర్ణయించుకోండి. బోరు నీళ్లు ఉప్పగా ఉండి, ఫ్లోరైడ్ ఉంటే ఆర్‌ఓ కావాలి. నల్గొండ లాంటి చోట్ల ఫ్లోరైడ్‌తో జనం ఎంత బాధపడ్డారో మనకు తెలిసిందే. అప్పుడు వదిలేసే నీళ్లను బకెట్‌లో పట్టి ఇల్లు తుడవడానికి, బాత్‌రూమ్‌కి వాడండి. మొక్కలకు రోజూ పోస్తే మట్టిలో ఉప్పు పేరుకుంటుంది.

అమలాపురం పిన్ని

గిన్నెలు కడిగేటప్పుడు కుళాయి పారుతూ ఉంటే ఆర్‌ఓ కంటే ఎక్కువ పోతాయి. ముందు ఎంగిలి తీసేసి ఒక టబ్బులో నానబెట్టి, అన్నీ రుద్దాక ఒకేసారి కడిగితే సగం నీళ్లు చాలు. ప్లాస్టిక్ పీచు బదులు ఎండిన బీరకాయ పీచు, కొబ్బరి పీచు. చింతపండు పిప్పి పారేయకండి, ఇత్తడి, రాగి సామాన్లు దానితో తళతళలాడతాయి.

జంతికలు, అరిసెలు వండాక మిగిలిన నూనెను సింకులో పోయొద్దు, పైపుల్లో గడ్డకడుతుంది. వడకట్టి రెండు మూడు రోజుల్లో తాలింపులకు వాడేయండి. నల్లబడి నురుగొస్తే ఇక తినకూడదు, సీసాలో పోసి పెట్టండి. అలాంటి నూనె నుంచి బయోడీజిల్ చేయడానికి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో రూకో అనే కార్యక్రమం మొదలుపెట్టింది. మీ ఊళ్లో సేకరించేవాళ్లు ఉన్నారేమో కనుక్కోండి. గిన్నెలో జిడ్డును ముందు పాత పేపర్‌తో తుడిచి కడిగితే సబ్బు కూడా తక్కువ పడుతుంది.

ఇంకో సంగతి. ఇవన్నీ మీరు అనుకుంటే సరిపోదు, ఇంట్లో పనిచేసే అమ్మాయి ఉంటే తనకు కూడా కూర్చోబెట్టి చెప్పండి. రెండు బుట్టలు ఎందుకో తెలిస్తే తనే జాగ్రత్తగా వేస్తుంది. అదనపు పని అయితే ఆ మేరకు జీతం కూడా చూడండి.

కొత్తకాపురం (బాచుపల్లి, హైదరాబాద్)

తప్పకుండా పిన్నీ, ఆ మాట చాలా బాగా చెప్పారు.

ఇక చివరిది. మేం తడి, పొడి వేరుగా ఇచ్చినా మా సొసైటీలో అన్నీ ఒకే డ్రమ్ములో కలిపేస్తున్నారు. చూస్తే నీరసం వస్తోంది. 260 ఫ్లాట్లు ఉన్నాయి. మేం ఒక్కళ్లం బకెట్ పెట్టుకుంటే ఏం లాభం అనిపిస్తోంది.

కంపోస్ట్ మాస్టారు (గుంటూరు)

లాభం ఉంది. ఇంటికి అర కిలో తడి చెత్త అనుకున్నా 260 ఇళ్లకు రోజుకు 130 కిలోలు. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే రోజుకు 100 కిలోలు దాటే చోటును పెద్ద ఎత్తున చెత్త పుట్టించేవాటి కింద లెక్కేశారు. అలాంటివాళ్లు వీలైనంతవరకు తడి చెత్తను తమ ఆవరణలోనే ఎరువుగానో, గ్యాస్‌గానో మార్చుకోవాలి. కాబట్టి మీరు అడిగేది చట్టంలో ఉన్నదే. మీ కమిటీకి చూపించు.

నమ్మకం కుదరకపోతే బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌కు తీసుకెళ్లు. అక్కడ రోజుకు 10 టన్నుల దాకా మార్కెట్ చెత్తను బయోగ్యాస్‌గా మార్చి, 500 యూనిట్ల వరకు కరెంటు తీసేలా ప్లాంటు పెట్టారు. ఆ సాంకేతికత హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ వాళ్లదే. మన ఊళ్లో, మన కూరగాయలతో జరిగిన పని అది. జవహర్‌నగర్ డంప్ యార్డు పక్కన ఊళ్ల వాళ్లు ఏళ్లుగా దుర్వాసనతో, పాడైన నీళ్లతో బతుకుతున్నారు. బాచుపల్లిలో మనం మూట కట్టి ఇచ్చింది వాళ్ల గుమ్మం దగ్గరకే పోతోంది. కమిటీ మీటింగ్‌లో ఈ సంగతి చెప్పు.

మొదట అందరినీ ఒప్పించాలని చూడకు. ఒక బ్లాకుతో మొదలుపెట్టు. బోరుబావికి దూరంగా, కాస్త నీడ ఉన్న చోట ఇటుకలు సందులు వదిలి పేర్చిన రెండు తొట్లు, పక్కన ఎండుటాకుల కుప్ప చాలు. హౌస్‌కీపింగ్ వాళ్లకు చేతి తొడుగులు ఇవ్వాలి, నెలకు అదనంగా ఇంత అని మాట్లాడుకోవాలి. ఎరువు వచ్చాక ప్రతి ఇంటికీ ఒక కిలో పంచండి, రెండో బ్లాకు వాళ్లు వాళ్లే వచ్చి అడుగుతారు.

కొత్తకాపురం (బాచుపల్లి, హైదరాబాద్)

జనరల్ బాడీ మీటింగ్ వచ్చే నెలలో ఉంది, అజెండాలో పెట్టమని సెక్రటరీ గారికి మెసేజ్ పంపాను. మా బ్లాకులో ఇద్దరు ఆంటీలు మేమూ వస్తామన్నారు. తోటమాలి ఒక గోనెసంచి నిండా ఎండుటాకులు ఇచ్చాడు. బకెట్లు కూడా దొరికాయి. మాస్టారూ, మూతకు కూడా రంధ్రాలు పెట్టాలా? మా బాల్కనీలోకి వాన జల్లు కొడుతుంది.

కంపోస్ట్ మాస్టారు (గుంటూరు)

మూతకు వద్దు, జల్లు లోపలికి దిగుతుంది. పక్కలకు ఉన్నవి చాలు, వాటినే కొంచెం పైవరుసలో ఎక్కువ పెట్టు. బకెట్‌ను గోడకు ఆనించకుండా జానెడు ఎడం ఉంచు, గాలి ఆడాలి.

సీతమ్మధార లక్ష్మి (విశాఖపట్నం)

విస్తర్లు వ్రతానికి వారం ముందే చెప్పి ఉంచుకోండి, పెళ్లిళ్ల సీజన్‌లో దొరకవు. ఎండిన ఆకు పెళుసుగా ఉంటే ముందు రోజు రాత్రి తడిగుడ్డ కప్పి ఉంచండి, వడ్డించేటప్పుడు చిట్లదు.

కొత్తకాపురం (బాచుపల్లి, హైదరాబాద్)

సరేనండీ, ఇవాళే ఫోన్ చేసి చెబుతాను. ఎనభై తెప్పిస్తే సరిపోతాయి కదా?

సీతమ్మధార లక్ష్మి (విశాఖపట్నం)

నూరు కట్టగా ఇస్తారు, అదే తీసుకోండి. మిగిలినవి పొడిగా దాచుకుంటే సంక్రాంతికి పనికొస్తాయి.